కాటా గదిలో అరవై ఒకటి

ఆ పార్సిల్ గోడౌను వెనకవైపున్న కాటా గదికి చీకటి పడ్డాక మనిషనేవాడు వెళ్ళడు. మనిషి దాకా ఎందుకు, ఎలుకలు కూడా ఆ గుమ్మం దాకా వచ్చి, ఒకసారి ఆగి, ఒకదాని మొహం ఒకటి చూసుకుని, వెనక్కి తిరిగిపోతాయని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే అనుకోండి. అయినా మాట మాటే.

ఆ గదిలో చూడ్డానికేమీ లేదు. నేలకి సమానంగా దిగేసిన ఇనప పలక ఒకటి, మంచమంత ఉంటుంది. దాని పక్కన గుంజకి బిగించిన చిన్న డబ్బా, అందులో ఎర్రగా వెలిగే అంకెలు. పెద్ద పెద్ద పార్సిళ్ళు తూచే కాటా అది. పలక మీద ఓ మూల పాత చెక్క స్టూలు ఎప్పుడూ ఉంటుంది. ఆ స్టూలుతో కలిపే దానికి సున్నా.

కానీ అది సున్నా చూపించదు.

ఎవరూ లేరు… గాలి కూడా లేదు… కిటికీలోంచి చూస్తే చీకట్లో ఎర్రగా — అరవై ఒకటి.

వాచ్‌మన్ మొదటిసారి అది చూసిన రాత్రి చేతిలో టార్చి అక్కడే పారేసి గేటు దాకా పరిగెత్తాడు. అరకిలోమీటరు. మోకాళ్ళ నొప్పులని ఆరేళ్ళుగా మందులు మింగుతున్న మనిషి. ఆ తర్వాత మందులు మానేశాడు, అది వేరే సంగతి.

ఆ కాటా మీద పని చేయడానికి ఇద్దరొచ్చారు, ఇద్దరూ నిలవలేదు. మొదటివాడు ఈనెపుల్లలాంటి వాడు. సరదాకి పలకెక్కి తనని తాను తూచుకున్నాడు. రెండు కిలోలు చూపించింది. పుట్టినప్పుడు కూడా తను మూడు కిలోలున్నాడని వాళ్ళమ్మ చెప్పేదట. ఆ పూటే ఇంటికెళ్ళి నాలుగు రోజులు మంచం దిగకుండా తిన్నాడు, మళ్ళీ రాలేదు. రెండోవాడు ఇనప బోల్టుల పెట్టె తూచాడు. నలుగురు కలిసి, పళ్ళు బిగపట్టి, తెచ్చి పెట్టిన పెట్టె. కాటా చెప్పింది — తొమ్మిది కిలోలు.

"కింద నుంచి ఎవరో ఎత్తి పట్టుకుంటున్నారు సార్" అన్నాడట మేనేజరుతో, గుసగుసగా. అంతే, ఆ గదికి తాళం పడింది.

ఎత్తి పట్టుకుంటున్నది ఎవరో కూడా అందరూ తేల్చేశారు. ముప్ఫై ఏళ్ళు ఆ కాటా దగ్గర పనిచేసి, నాలుగేళ్ళ కిందట పోయిన ముసలాయన. ఆయన బరువు అరవై ఒక్క కిలోలే. ఒక్క గ్రాము అటూ ఇటూ కాదు.

ఆ ముసలాయన మా ఆయన.

ఇది విన్నప్పుడు నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. మా ఆయన రాత్రి ఎనిమిదైతే చేతిలో ముద్ద చేతిలో ఉండగానే కునికిపాట్లు పడేవాడు. మా పెళ్ళిలోనే కూర్చుని గురక పెట్టాడు. బతికుండగా ఒక్క రోజు కూడా నైట్ డ్యూటీ చెయ్యని మనిషి పోయాక ఎందుకు చేస్తాడండీ… అదీ జీతం లేకుండా? పోయింది కూడా ఇంట్లో, మధ్యాహ్నం, నిద్రలోనే. అంత నిద్ర వదులుకుని ఆ గోడౌనుకి వెళ్తాడా?

అదే మాట నాలుగేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. ఒక్కరూ నమ్మరు.

ఇక మా పిడుగు సంగతి. మా అమ్మాయి కూతురు. చిన్నప్పుడు గడియారాలు విప్పేది, ఇప్పుడు కంప్యూటర్లు విప్పుతుంది. అదే గోడౌనులో కంప్యూటర్ల పనిలో చేరి ఆరు నెలలైంది. మేనేజరు ఓ రోజు అందరినీ పిలిచి చెప్పాడట — ఇక నుంచి కాటాలన్నీ బరువు తామే కంప్యూటర్‌కి చెప్పాలి, అలా చెప్పలేనివి మూడు వారాల తర్వాత శనివారం పొద్దున్న ఏడింటికి పాత ఇనుము లారీ ఎక్కాలి, అని. మిగతా కాటాలు కొత్తవి, గలగలా మాట్లాడతాయి. వెనక గదిలోది ఒక్కటే మూగది.

"దాన్ని నేను మాట్లాడిస్తాను సార్" అంది మా పిడుగు.

"దాన్నా?" అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి. "ఆ ముందు రోజు, శుక్రవారం రాత్రి దాకా టైమిస్తాను. పగలు చూసుకో తల్లీ, రాత్రి వద్దు."

ఇంటికొచ్చి నాకు చెప్పింది. "తాతయ్య కాటాని లారీ ఎక్కించనివ్వను అమ్మమ్మా" అని. కళ్ళలో ఏదో పడిందని చెప్పి వంటింట్లోకి పోయాను. ఓ బిందెడు పడింది.

ఇరవై రోజులు కూర్చుని అదేదో డ్రైవర్ అని రాసింది. డ్రైవర్ అంటే బండి తోలేవాడు కాదట. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే చెప్పింది — "కంప్యూటర్ ఓ ఇల్లనుకో అమ్మమ్మా. దాని నడిగదిని కెర్నల్ అంటారు. అక్కడికి బయటివాళ్ళని రానివ్వరు. డ్రైవర్ ఒక్కడికే ఆ గదిలో చోటు. కాటా చెప్పింది విని లోపలికి మోసుకెళ్తాడు. వసారాలో ఎవడైనా కాలు జారితే వాడొక్కడే పడతాడు. నడిగదిలో వీడు కాలు జారాడంటే ఇల్లు మొత్తం కూలుతుంది."

"అలాంటివాణ్ణి నడిగదిలోకి ఎందుకే రానివ్వడం?"

"వాడు లేకపోతే కాటా మాట ఎవరూ వినరు కదా."

ఇంట్లో, కాటాలాగా నటించే చిన్న పెట్టె ఒకటి పెట్టుకుని పరీక్ష చేసింది. సున్నా, ఐదు, పది, యాభై… పెట్టె ఏది చెబితే కంప్యూటర్ అది అంది. వెయ్యిసార్లు చూసింది. నేను లెక్కపెట్టాను, పదివేలసార్లు.

తీరా గోడౌనుకి తీసుకెళ్ళాక… ఆ ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతు సన్నగా ఉంది. "చచ్చిపోతోంది అమ్మమ్మా. డ్రైవర్‌ని ఎక్కించగానే కంప్యూటర్ చచ్చిపోతోంది."

సాయంత్రం ఏడున్నరకి భోజనం డబ్బా పట్టుకుని నేనే వెళ్ళాను.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి లేచాడు. "పెద్దమ్మగారూ… లోపలికి వెళ్తున్నారా?"

"మా పిల్ల ఉందిగా."

"ఉంది. ఒక్కతే ఉంది." చుట్టూ చూసి దగ్గరికొచ్చాడు. "ఒక్కతే అనే అనుకుంటోంది… పాపం."

"నువ్వూ రా, తోడు."

"నేను గేటు వదలకూడదండీ" అన్నాడు, గేటు ఊచని రెండు చేతులతో పట్టుకుని.

పొడుగాటి వసారా. ఒక్క ట్యూబ్‌లైటు, అదీ కొట్టుకుంటోంది. నా చెప్పుల చప్పుడు నాకన్నా రెండడుగులు వెనకొస్తోంది. నేను ఆగితే అదీ ఆగుతోంది. నేను భయపడలేదు గానీ, ఊరికే, వ్యాయామానికి, కాస్త వేగంగా నడిచాను.

గదిలో ఈ చివర బల్ల, దాని మీద కంప్యూటర్, దాని ముందు మా పిడుగు. జుట్టంతా పైకి దోపి పెన్నుతో గుచ్చింది. ఆ చివర చీకట్లో కాటా. అంకెల డబ్బా వీపు మావైపు, మొహం అటువైపు.

"తిన్నావా?"

"కాటా మాట్లాడాక తింటాను."

"చూపించు, ఎలా చస్తుందో."

టకటకా ఏదో కొట్టింది. ఒక్క క్షణం ఏమీ లేదు… తర్వాత తెర నిండా తెల్లటి అక్షరాలు జలజలా రాలాయి — కాళ్ళ కింద చెదల పుట్ట పగిలినట్టు — తర్వాత నలుపు. చీకటి. లోపల తిరిగే చిన్న పంకా కూడా ఆగిపోయింది.

"ఇదిగో, ఇలా" అంది.

మళ్ళీ లేపడానికి ఐదు నిమిషాలు. వైర్లు మార్చింది. మళ్ళీ చచ్చింది. వేరే కంప్యూటర్ తెచ్చింది. అదీ చచ్చింది. ఎనిమిదిన్నరకల్లా నలభైసార్లు చచ్చింది. పిల్ల ఆరుసార్లే అంటుంది, దానికి లెక్కలు రావు.

"ఇలా కాదు" అనుకుంది తనలో తను. "ఎక్కడ పడుతున్నాడో చూడాలి." డ్రైవర్ నడిచే దారి పొడుగునా గుర్తులు పెట్టింది. మొదటి అడుగు వేయగానే 'ఒకటి' అనాలి, రెండో అడుగుకి 'రెండు'. మొత్తం ఐదు అడుగులు.

ఎక్కించింది.

తెర మీద — ఒకటి.

రెండు.

మూడు.

నాలుగు…

తెల్లటి పుట్ట. నలుపు.

"నాలుగుకీ ఐదుకీ మధ్య ఏముందే?" అన్నాను.

"ఏమీ లేదు. కాటాని మొదటిసారి అడుగుతాడు, నీ మీద ఎంత బరువుందని. అది చెప్తుంది. వీడు రాసుకుంటాడు… అంతే."

"అయితే అది ఏదో చెప్తోంది. విన్నవాడు వినగానే పోతున్నాడు."

"అమ్మమ్మా… నువ్వు ఇంటికెళ్ళు."

పిల్ల కంప్యూటర్ మళ్ళీ లేపుకుంటోంది. నేను మెల్లగా ఆ చివరికి నడిచాను. నా కళ్ళజోడు సంచిలోనే ఉంది. కళ్ళజోడు లేకుండా చీమ మీసాలు కూడా లెక్కపెడతానని నలుగురికీ చెప్పుకున్నాను కాబట్టి బయటికి తియ్యను. డబ్బాకి అటువైపు తిరిగి చూశాను.

ఎర్రగా… పొగలో నిప్పులా… అరవై ఒకటి. దాని ముందు ఏదో చిన్న మరక.

ఎన్ని చెప్పినా, ఆ అంకె చూసేసరికి ఓ అడుగు వెనక్కి వేశాను. ఖాళీ స్టూలు. ఆయన కూర్చుని కూర్చుని మధ్యలో గుంట పడిన స్టూలు. ముప్ఫై ఏళ్ళు రోజూ పొద్దున్నే ఆయన అందులోనే కూర్చునేవాడు, పలక మీదే, కాళ్ళు చాపుకుని. లేచి పని చేసే అలవాటే లేదు ఆ మనిషికి. పార్సిలు తెచ్చి ఆయన పక్కన పెట్టాలి, ఆయన కూర్చునే తూచాలి.

"ఏవండీ" అన్నాను, పిల్లకి వినపడకుండా.

గదిలో ఏదో టిక్కుమంది.

"ఏవండీ… మీరేనా? మీరైతే ఒక మాట వినండి. పొద్దున్న ఏడింటికి లారీ వస్తుంది. పిల్ల పొద్దుటి నుంచి తిండి లేకుండా మీ కాటా కోసం చస్తోంది. కాస్త జరగండి… లేకపోతే ఇంటికెళ్ళి పడుకోండి. ఎనిమిదిన్నర దాటింది, మీకిది అర్ధరాత్రి కింద లెక్క."

జవాబు లేదు. బతికున్నప్పుడూ ఇంతే.

మోకాళ్ళు లాగుతున్నాయి. సరే, ఏదైతే అదైంది, జరగకపోతే ఆయన ఒళ్ళోనే కూర్చుంటాను, కట్టుకున్నదాన్ని, నాకేం సిగ్గు — అనుకుని ఆ స్టూలు మీద కూర్చున్నాను.

అటునుంచి పిల్ల గొంతు — "ఒకటి. రెండు. మూడు. నాలుగు."

నేను కళ్ళు మూసుకున్నాను.

"…ఐదు."

పంకా తిరుగుతూనే ఉంది.

"అమ్మమ్మా… ఎక్కింది. బతికే ఉంది. ఇటు రా, చూద్దువుగాని."

నేను సంబరంగా లేచాను.

తెల్లటి పుట్ట. నలుపు.

"ఏం చేశావు?" అంది.

"లేచాను."

"ఇంకేం చేశావు?"

"లేవడానికి నాకు నాలుగు రకాలు తెలియవే తల్లీ. ఊరికే లేచాను."

మళ్ళీ ఎక్కించింది. నాలుగు దగ్గర చచ్చింది. నన్ను మళ్ళీ కూర్చోమంది. ఐదు వచ్చింది. లెమ్మంది. చచ్చింది. కూర్చుంటే బతుకుతోంది, లేస్తే చస్తోంది. ఆ రాత్రి నా ఒంటి మీద ఓ ఇల్లు నిలబడింది అంటే నమ్మండి.

ఈలోపు గుమ్మం దగ్గర నీడ పడింది. వాచ్‌మన్. గేటు దగ్గర ఒంటరిగా ఉండటం కన్నా దెయ్యం దగ్గర నలుగురితో ఉండటం మేలనుకున్నట్టున్నాడు. నన్ను ఆ స్టూలు మీద చూసి గోడకి అతుక్కుపోయాడు.

"పెద్దమ్మగారూ… లేవండి. మెల్లగా లేచి వచ్చేయండి."

"లేవకు అమ్మమ్మా" అంది పిడుగు.

"అయ్యో… పట్టేసుకుందా?" అన్నాడు వాచ్‌మన్.

"నోరు మూసుకో నాయనా. పట్టుకుంటే పట్టుకుంది, పట్టుకున్నది మా ఆయనేగా."

పిడుగు బల్ల దగ్గర్నుంచి లేచి నా దగ్గరికొచ్చింది. అంకెల డబ్బా మొహం అప్పుడు చూసింది. పొద్దుటి నుంచి దాని వీపే చూస్తోంది మరి. "ఎవరూ లేనప్పుడు ఇదేం చూపిస్తుంది?"

"అరవై ఒకటి. లోకమంతటికీ తెలుసు. ముందో మరక కూడా ఉంటుంది."

"లే ఒకసారి."

లేచాను. కంప్యూటర్ చచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. అరవై ఒకటి వెలిగింది. ముందు చిన్న ఎర్రటి మరక. పిల్ల తన చేతిరుమాలుతో తుడిచింది… పోలేదు. ఊది, మళ్ళీ తుడిచింది… పోలేదు.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఇది మరక కాదు."

"మరి?"

"మైనస్."

వాచ్‌మన్ మెల్లగా అడిగాడు. "అంటే… ఏమీ లేనిదానికన్నా తక్కువ బరువున్నది ఏదో… అక్కడ కూర్చుందా?"

ఆ మాటకి నాకు వెన్నులో నీళ్ళు పోసినట్టైంది. ఇంత మంచి మాట నాకు తట్టలేదే అని బాధ కూడా వేసింది.

పిల్ల మాత్రం తల మీది పెన్ను పీకి అరచేతి మీద రాసుకుంటోంది. "ఖాళీగా ఉంటే మైనస్ అరవై ఒకటి. కూర్చో." కూర్చున్నాను. "ఇప్పుడు ఏడు. అమ్మమ్మా… నీ బరువెంత?"

"నలభై తొమ్మిది" అన్నాను.

ఠక్కున. ఆలోచించకుండా. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న అంకె, నోట్లోనే ఉంటుంది.

పిల్ల అరచేతి మీద రాసినది చూసుకుంది, నన్ను చూసింది. "మైనస్ అరవై ఒకటి నుంచి ఏడు దాకా అంటే అరవై ఎనిమిది. నువ్వు నలభై తొమ్మిది. పందొమ్మిది కిలోలు తేడా."

"తేడా ఉంటే ఏమవుతుంది?"

"కాటాయే పాడైపోయిందన్నమాట. నా డ్రైవర్‌ని సరిచెయ్యగలను. తప్పుడు బరువు చెప్పే ఇనుముని ఏం చెయ్యను?" అంది. "తెలిసిన బరువు ఇంకేదైనా ఉంటే తూచి చూద్దును. కొత్త కాటాలున్న ముందు హాలు తాళం మేనేజరు దగ్గరుంది. నా బరువు ఎప్పుడో కాలేజీలో చూసుకున్నాను. బాబాయ్, మీరెక్కుతారా?"

"దాని మీదా? నాకు పిల్లలున్నారమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"అమ్మమ్మా, నువ్వేమైనా పెంచి చెప్పావా?"

"పెంచలేదు" అన్నాను. అది మాత్రం నిజం.

"నువ్వు అన్నీ పెంచే చెప్తావు కదా. అంటే నలభై తొమ్మిది కన్నా ఇంకా తక్కువే ఉంటావు. తేడా ఇంకా పెద్దది." బల్ల దగ్గరికెళ్ళి వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. వీపు కదులుతోంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

వైరు చుట్టుకుంటున్న చప్పుడు… గర్ గర్… పొద్దున్న లారీ స్టార్టయినట్టే వినిపించింది నాకు. స్టూలు గుంటలో కూర్చుని ఉన్నాను. ముప్ఫై ఏళ్ళ గుంట. లారీవాడికి స్టూలేమిటి, కాటా ఏమిటి.

"పిడుగూ" అన్నాను. "ఇలా రా."

"ఏంటి?"

"దగ్గరికి రా. చెవి ఇలా పెట్టు."

చెవిలో చెప్పాను.

పిల్ల తల వెనక్కి లాక్కుని నన్నే చూసింది. "అరవై…"

"గట్టిగా అనకు."

"మరి నలభై తొమ్మిది?"

"అది మీ అమ్మ పెళ్ళప్పటిది. నడుస్తూ ఉంటుందిలే అని వదిలేశాను."

లోకంలో ఉన్నవాటన్నిటినీ నేను పెంచే చెబుతాను, ఒప్పుకుంటాను. తగ్గించి చెప్పేది అదొక్కటే. దాంతోనే మా ఆయన కాటాని లారీ ఎక్కించబోయాను.

పిల్ల నవ్వుతూ ఏడుస్తోందో, ఏడుస్తూ నవ్వుతోందో. "కాటా సరిగ్గానే ఉంది అమ్మమ్మా. గ్రాము తేడా లేదు. ఒక్కటి చెప్పు — తాతయ్య ఈ స్టూలు మీద కూర్చునే తూచేవాడా? సున్నా బటన్ ఎప్పుడు నొక్కేవాడు?"

"కూర్చున్నాక. లేచి నొక్కేంత ఓపిక ఉంటేగా."

"అదీ సంగతి" అంది. "తను కూర్చుని ఉండగా ఇదే సున్నా అని దానికి నేర్పాడు. దాని లెక్కలో తాతయ్య ఉంటేనే సున్నా. కరెంటు పోయినా అది ఆ సున్నా మర్చిపోదు. తాతయ్య లేచాడు… అరవై ఒకటి తగ్గింది."

వాచ్‌మన్‌కి అప్పుడు వెలిగింది. "అంటే ఆ బక్కోడు రెండు కిలోలు…"

"అరవై మూడుండేవాడు బాబాయ్."

కూర్చున్న దెయ్యమైతే బరువు పెరగాలి గానీ తగ్గుతుందా అని ఈ నాలుగేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది, చెప్పలేదంతే.

"మరి నీ డ్రైవర్ ఎందుకు చచ్చాడు?"

"తప్పు నాదే. వాడికి ఓ అల్మారా ఇచ్చాను. సున్నా నుంచి మూడొందల దాకా సొరుగులు, ఏ కిలోకి ఆ సొరుగు. కాటా మైనస్ అరవై ఒకటి అనేసరికి వాడు అల్మారాకి ఇవతల, సొరుగే లేని చోట చెయ్యి పెట్టాడు. అక్కడున్నది నడిగది గోడ. లాగేశాడు. సున్నా కన్నా తక్కువ బరువుంటుందని నేను అనుకోలేదు అమ్మమ్మా. ఇంట్లో పెట్టెకీ అది నేర్పలేదు."

మళ్ళీ కూర్చుంది. రెండే వరుసలు రాసింది. సున్నా కన్నా తక్కువొస్తే సొరుగుల జోలికి పోకుండా, విన్నది విన్నట్టు చెప్పమంది.

నేను పలక దిగి దూరంగా నిలబడ్డాను. ఈసారి పలక మీద ఎవరూ లేరు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

వాచ్‌మన్ నా చెయ్యి పట్టుకున్నాడు. నేను పట్టుకున్నానని వాడంటాడు.

ఐదు.

తెర మీద నెమ్మదిగా, ఏ గొడవా లేకుండా వచ్చింది — మైనస్ అరవై ఒకటి.

నాలుగేళ్ళుగా ఆ కాటా ఆయన ఉన్నాడని చెప్పడం లేదు. లేడని చెబుతోంది. ఎంత లేడో కిలోలతో సహా చెబుతోంది. రాత్రీ పగలూ, తాళం వేసిన గదిలో, అడిగినవాళ్ళు లేకపోయినా.

"ఇప్పుడు కొత్త సున్నా పెట్టాలి" అంది పిల్ల మెల్లగా. "పొద్దున్న మేనేజరుకి సున్నా కనపడాలి."

"నేను నొక్కుతాను" అన్నాను.

వేలు బటన్ మీద పెట్టి కాసేపు అలాగే ఉన్నాను. "ఇక లేవండి, డ్యూటీ అయిపోయింది" అని చెప్పి నొక్కాను. ఎర్రటి గీత పోయింది. సున్నా.

పిల్ల భోజనం డబ్బా విప్పి నిలబడే తినేసింది. వాచ్‌మన్ ఓ మూల వేళ్ళు మడుస్తూ అరవై ఒకటికి ఏడు కలుపుతున్నాడు. నేను చూసేసరికి చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. పొద్దుటికి గోడౌనంతా తెలిసింది నా బరువు. దెయ్యం సంగతి పాకడానికి ఆరు నెలలు పట్టింది, దీనికి ఆరు గంటలు పట్టలేదు.

ఏడింటికి లారీ వచ్చింది. మేనేజరు కాటా గది గుమ్మంలోనే నిలబడి, మెడ మాత్రం లోపలికి పెట్టి చూశాడట. పిల్ల ఓ పార్సిలు పెట్టింది. కంప్యూటర్ బరువు చెప్పింది. తీసింది. సున్నా అంది. "సరే, ఉంచండి" అన్నాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. ఇప్పుడా గదిలో ముగ్గురు పని చేస్తారు, వాచ్‌మన్ మధ్యాహ్నం అందులోనే కునుకు తీస్తాడు. దెయ్యం లేదు, ఏమీ లేదు, అంతా ఓ సున్నా బటన్ గొడవ అని పిల్ల అందరికీ చెబుతుంది. నేనూ తలూపుతాను.

కానీ ఒక్క సంగతి ఉంది.

ఆ రాత్రి పదిన్నరకి లైటు ఆర్పి, పిల్లా వాచ్‌మనూ ముందు నడుస్తున్నారు. నేను వెనక. కిటికీ దగ్గర కాలు ఆగింది. ఎవరూ చూడటం లేదు కదా అని సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. పెట్టుకునే చూశాను… బాగా తుడిచి మరీ చూశాను.

చీకట్లో సున్నా లేదు.

ఎర్రగా, నిలకడగా, అరవై ఒకటి. ముందు గీత లేదు. మరక లేదు. ఏమీ లేదు. ఉత్త అరవై ఒకటి.

నేను పెంచి చెబుతానని మీరంటారు. నా బరువు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో అరగ్రాము కూడా కలపలేదు.

"ఏంటమ్మమ్మా, ఆగావు?" అంది పిడుగు ముందు నుంచి.

"చెప్పు తెగిందిలే, పద" అన్నాను.

పిల్లకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ కంప్యూటర్ తెరిచి, తప్పెక్కడుందో వెతుకుతూ తెల్లారేదాకా కూర్చుంటుంది. ఆయన్ని కాస్త కూర్చోనివ్వండి.